కుక్క కరిచాక తొలి పావుగంట

మిర్యాలగూడ రైస్ మిల్లులో రాత్రి షిఫ్టు దిగి తెల్లవారుజామున ఇంటికి నడిచే హమాలీకైనా, కోదాడలో బస్సు దిగి సందులోకి తిరిగే కాలేజీ పిల్లకైనా భయం ఒక్కటే: కుక్కల గుంపు. కరిచిందా, ఇంట్లో పెద్దవాళ్లు ముందు ఆరా తీసేది పసరు మందు ఎక్కడ పోస్తారని. గాయానికి కారమో సున్నమో అద్దేవాళ్లు ఇంకా ఉన్నారు.

ఆ పసరు వెనక పాత భయం ఒకటుంది. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు! గొర్రె మెదడుతో చేసిన ఆ టీకా ఒక తరాన్ని అంతగా బెదరగొట్టింది. మన దేశంలో అది 2005 నాటికే ఆగిపోయింది. ఇప్పటిది ల్యాబులో పెంచిన కణాలతో చేసే టీకా. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ వారి అభయ్‌రాబ్ అలాంటిదే. ప్రభుత్వాసుపత్రిలో నర్సు రెండు భుజాలకూ 0.1 మిల్లీలీటరు చొప్పున చర్మంలోకి ఎక్కిస్తుంది. అక్కడ పెసరగింజంత పొంగుతుంది, అంతే. మొదటి రోజు, ఆపైన 3, 7, 28 రోజులకు.

అయితే సూది పడగానే గండం గడిచినట్టు కాదు. ఒంట్లో రక్షణ తయారవడానికి వారం, రెండు వారాలు పడుతుంది. ఈలోగా రేబిస్ వైరస్ నరం పట్టుకుని మెదడు వైపు పాకగలదు. అందుకే ముందు గాయాన్ని కడగాలి. కాలు బోరు కింద పెట్టి, బట్టల సబ్బైనా సరే, 15 నిమిషాలు రుద్దాలి. ఆ వైరస్ పైనుండే కొవ్వు పొరను సబ్బు విరగ్గొడుతుంది. నెత్తురు కారేలా కరిస్తే వెంటనే రక్షణనిచ్చే ఇమ్యునోగ్లోబులిన్ సీరాన్ని గాయంలోకే ఎక్కించాలి. చిన్నపిల్లలను ముఖం మీదో తల మీదో కరిస్తే మరీ ప్రమాదం; అక్కడినుంచి మెదడు ఎంతో దూరం ఉండదు.

జబ్బు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. గుక్కెడు నీళ్లు మింగబోతే గొంతు బిగుసుకుపోయే మనిషిని హైదరాబాద్ ఫీవర్ ఆసుపత్రికి తీసుకెళ్లినా ఫలితం ఉండదు. పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు శాస్త్రవేత్త పాశ్చర్ టీకా వేసింది 1885లో. ఇన్నేళ్ల తర్వాతా ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది రేబిస్‌తో పోతున్నారని అంచనా. మందు చేతిలో ఉండగా పోతున్న ప్రాణాలివి.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఏ ఊరి నుంచైనా హైదరాబాద్ 100 కిలోమీటర్లకు పైనే. సీరం కోసం పసిబిడ్డను అంత దూరం తిప్పకూడదు. మూడు ఊళ్ల ప్రభుత్వాసుపత్రుల్లోనూ అది ఎప్పుడూ ఫ్రిజ్‌లో ఉండాలి. ఆ రోజు ఎంత నిల్వ ఉందో ఓపీ గోడ మీద రాసిపెట్టాలి. వీధికుక్కల్లో 70 శాతానికి టీకా పడితే జబ్బు వాటి దగ్గరే ఆగుతుంది కాబట్టి, ఏ వార్డులో ఎన్నింటికి వేశారో మున్సిపాలిటీలు జనానికి చెప్పాలి. గాయం మానిందని మూడో సూదితో ఆపేసేవాళ్ల ఇంటికి ఆశా కార్యకర్త వెళ్లి 28వ రోజు గుర్తుచేయాలి.