నొప్పిమందును గూర్చి

మార్ఫీనును నల్లమందునుండి తీయుదురని వినగానే మన పెద్దలు బెదరుదురు. కాన్సరుతో రాత్రింబవళ్లు మూలుగుచున్న తల్లికి వైద్యుడు వ్రాసిన మందును, అలవాటగునని దాచివేయు బిడ్డలు గలరు. వారి ప్రేమను శంకింపను. కాని బాధపడునది ఆ తల్లి. రోగులకు మార్ఫీను సులభముగా లభించుటకై 2014లో పార్లమెంటు చట్టమునే సవరించినది. ఇంటివారే అడ్డుపడినచో చట్టమేమి చేయగలదు?

భయపడవలసిన చోట మాత్రము మనకు భయము లేదు. మోకాలినొప్పి యని పొరుగువారి ట్రమడాల్ మాత్ర నడిగి మ్రింగువారిని చూచుచునే యున్నాము. 2018లో ఆ మందును మత్తుమందుల చట్టము క్రిందికి దెచ్చిరి. ఇట్టి మందులు మద్యముతోగాని నిద్రమాత్రలతోగాని కలిసినచో ఊపిరి మందగించి ప్రాణమునకే ముప్పు వాటిల్లవచ్చును. చాలకాలము వాడినవారు హఠాత్తుగా మానరాదు. వైద్యుడు చెప్పినట్లు క్రమముగా తగ్గించవలెను. మలబద్ధకమునకు మొదటనే మందడుగవలెను. మనవారు ఈ మాట చెప్పుటకు సిగ్గుపడుదురు!

తమిళనాట మనకు మరియొక చిక్కు గలదు. మందుచీటీ ఆంగ్లమున నుండును. దుకాణములో మాట తమిళమున జరుగును. తెలుగు మాత్రమే చదువనేర్చిన అవ్వకు మోతాదును, వేళను పెద్దక్షరములతో తెలుగున వ్రాసి యిచ్చుట ఇంటి పిల్లల పని. మిగిలిన మాత్రలను తాళము వేసిన పెట్టెలో నుంచుడు.