టికెట్ కంటే ముందు వీసా

దుబాయ్‌లో ఓడెక్కి, ఒమన్‌లోని ఖసబ్, మస్కట్ చూసి తిరిగి దుబాయ్‌లో దిగే విహారయాత్రకు మనవాళ్లు ముందు టికెట్ కొని, తర్వాత వీసా సంగతి చూస్తారు. ఈ వరస మారాలి. ఓడ ఒమన్ దారి పట్టిందంటే యూఏఈ దాటినట్టే. ఒక్కసారి ప్రవేశానికిచ్చిన వీసా అక్కడితో చెల్లిపోతుంది, తిరిగొచ్చేందుకు మల్టిపుల్ ఎంట్రీ ఉండాలి. మస్కట్‌లోని మత్రా రేవులో ఆగేది కొన్ని గంటలే, ఓడలోనే కూర్చుంటే పోలేదా అంటారు. కూర్చున్నా, చివరికి దుబాయ్‌లో దిగక తప్పదు కదా! ఒమన్ 2020 డిసెంబరులో 103 దేశాలవారికి 14 రోజుల వీసా మినహాయింపు ప్రకటించింది నిజమే. భారతీయులకు మాత్రం అమెరికా, షెంగెన్ వంటి వీసా చేతిలో ఉండాలన్న షరతు పెట్టింది. అంతా ఏజెంటు చూసుకుంటాడన్న ధీమా కౌంటరు దగ్గర పాస్‌పోర్టు తెరిచినప్పుడు అక్కరకు రాదు. అందుకే ఏ రేవుకు ఏ వీసా కావాలో డబ్బు తీసుకోకముందే తెలుగులో రాసివ్వడం అమ్మేవారి బాధ్యత.