కోరంగి ఎంత దూరం?



మారిషస్ దీవిలో అబ్బాయి ఇంటికి వచ్చి ఆరు నెలలు కావచ్చినది. మే నెలలో దిగినప్పుడు ఇక్కడ ప్రొద్దు ఎట్లా పోతుందా అని బెంగపడ్డాను. అబ్బాయీ కోడలూ పనులకూ, మనుమరాలు బడికీ వెళ్లిపోతే ఇంట్లో మిగిలేది నేనూ, గోడ గడియారమూను. మన గడియారం కన్న ఇక్కడిది గంటన్నర వెనుక. ఆ గంటన్నరా నాకు కొసరు వేసినట్లున్నది. తొందర అనే మాటే మరచిపోయాను.

బుధవారం, శనివారం కాత్ర్ బోర్న్ సంతకు నడిచి వెళతాను. ఆకుకూరలన్నిటినీ ఇక్కడ ‘బ్రెడ్’ అంటారు. మొదట రొట్టె కాబోలనుకొని నవ్వులపాలయ్యాను. మన మునగాకు ‘బ్రెడ్ మురుం’. శనగపప్పు పూర్ణం పెట్టి పలుచగా కాల్చిన దాల్ పూరీలు వీధిలోనే అమ్ముతారు. ఒకటి అడిగితే ఇవ్వరు, జతగానే కాగితంలో చుట్టి ఇస్తారు. తీపి లేదన్న మాటేగాని బొబ్బట్టుకు చుట్టమే. మనకు ఆషాఢ శ్రావణాల వానలు పడే రోజులలో ఇక్కడ చలి. శాలువా కప్పుకొని అరుగు మీద కూర్చుంటే చెరకు బండ్లు పోతూ ఉంటాయి. జూన్ మొదలు డిసెంబరు దాకా కోతలే.

ఇక్కడివారు మాట్లాడేది క్రియోల్. ఫ్రెంచిలో నుంచి పుట్టిన భాష. 1954 దాకా మా యానాంలో ఫ్రెంచివారి ఏలుబడి గదా! మా నాన్నగారు ఆ బడిలో చదివినవారు కనుక ఆయన నోట విన్న నాలుగు మాటలూ ఇన్నాళ్లకు అక్కరకు వచ్చాయి.

పక్కింట్లో ఒక పెద్దాయన ఉన్నారు. ఎనభై దాటిన వయస్సు. పూజగదిలో సింహాద్రి అప్పన్న పటం, గుమ్మానికి మామిడి తోరణం. తెలుగు మాత్రం రాదు. ఆయన మనుమరాలు బడిలో తెలుగు చదువుకొంటున్నది. ఆ పిల్లే మాకు దుబాసీ. “అమ్మమ్మగారూ, మీరు భోజనము చేసితిరా?” అని పుస్తకం చదివినట్లు అడుగుతుంది. నా స్వంత మనుమరాలేమో నేను తెలుగున అడిగితే ఇంగ్లీషున బదులు చెపుతుంది. ఆ మాట ఎవరితో చెప్పుకోను?

ఒకనాటి సాయంత్రం పెద్దాయన ఏదో అడగబోయి ఆగారు. ఆ పిల్ల నసుగుతూ చెప్పింది. “తాతగారిని చిన్నప్పుడు బడిలో పిల్లలు ‘కోరంగీ, కోరంగీ’ అని ఏడిపించేవారట. అది తిట్టా అని అడుగుతున్నారు.”

నాకు నోట మాట రాలేదు. కోరంగి తిట్టేమిటి! యానాం నుంచి కాకినాడ పోయే దారిలో, బస్సెక్కితే అరగంటలోపు వచ్చే ఊరు. ఒకప్పుడు గొప్ప ఓడరేవు. 1839లో తుఫాను ఉప్పెన వచ్చి ఆ ఊరిని ఊడ్చుకొని పోయింది. తరువాత కూడ అక్కడి నుంచి కూలీలు ఓడలెక్కారు. 1834లో మొదలుకొని సుమారు ఎనభై యేళ్లలో నాలుగున్నర లక్షలమందికి పైగా భారతీయులు కంట్రాక్టు కూలీలుగా ఈ దీవికి వచ్చారు. పోర్ట్ లూయీలో వారు దిగిన ఘాట్‌ను 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. తెలుగువారు కోరంగి ఓడలలో వచ్చారు కనుక వారికి రేవు పేరే జాతి పేరైపోయింది.

ఇదంతా ఆ పిల్ల చేత చెప్పించాను. పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, “అయితే అది ఊరి పేరా!” అన్నారు. పలక తెప్పించి ఆ మూడక్షరాలూ వ్రాసి చూపాను. ఆయన వ్రేలితో వాటి మీద దిద్దుతూ కూర్చున్నారు. డెబ్భై యేళ్లుగా తిట్టనుకొని మోసిన మాట అది.

మా మనుమరాలు గుమ్మంలో నిలబడి చూస్తున్నది. కాసేపటికి వచ్చి నా ప్రక్కన కూర్చొని, “నానమ్మా, నా పేరు కూడ వ్రాయవూ?” అన్నది, తెలుగులోనే. అప్పటినుంచి రోజూ సాయంత్రం అరుగు మీద మా బడి నడుస్తున్నది. విద్యార్థులు ఇద్దరు, ఎనిమిదేళ్ల పిల్ల ఒకరు, ఎనభై దాటిన పెద్దాయన ఒకరు. గుణింతంలో పెద్దాయనే వెనుక. నవ్వితే ఆయనా నవ్వుతారు.

బరంపురంలో, బెంగుళూరులో, మదరాసులో తరతరాలుగా ఉంటున్న మన ఇళ్లలోనూ ఇదే కథ గదా! పిల్లలకు తెలుగు రాదని నొచ్చుకొంటాము, పలక మాత్రం తీయము. నేనూ ఆరు నెలలలో ఐదు నెలలు నొచ్చుకొంటూనే గడిపాను.

వచ్చే నెలలో యానాం చేరుతాను. పెద్దాయనను ఏమి పంపమంటారని అడిగితే, “ఏమీ వద్దు మదాం. ఆ ఊరి మీదుగా పోయేటప్పుడు బాగున్నామని చెప్పండి,” అన్నారు. బస్సులో నుంచి ఎవరికి చెప్పాలో తెలియదు గాని, చెపుతాను.