సత్రాన్ని హోటలుకిచ్చే ముందు ఒక మాట

కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, కాఫీ తాగుతూ చదవండి.

కోవెల వీధిలోని మన సత్రాన్ని 29 ఏళ్ళ లీజుకి అడుగుతున్న సంగతి మీకు తెలుసు. గోడలు కూల్చకుండా బాగుచేసి పన్నెండు గదుల బుటీక్ హోటల్ చేస్తారట. వారం రోజులుగా మన గ్రూపులో రెండు కక్షలు. కప్పు కారుతోంది, ఇచ్చేద్దాం అని కొందరు. తాతల సొత్తు, తాకనివ్వం అని కొందరు. రెండు పక్షాల్లోనూ అలాంటి హోటల్లో ఒక్క రాత్రయినా పడుకున్నవాళ్ళు తక్కువే అనుకుంటాను. నేను పోయిన నెల తంజావూరులో రెండు రాత్రులు ఉండి వచ్చాను. మా అమ్మాయి బుక్ చేసింది, రాత్రికి 8,500 రూపాయలు. నా డబ్బయితే పోయుండను. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఊరుమారితే నా మజిలీ స్టేషన్ రిటైరింగ్ రూమే. రాత్రంతా అనౌన్స్‌మెంట్లు వినిపిస్తేనే నాకు నిద్ర పట్టేది.

ఆ ఇల్లు చూస్తే కళ్ళు చల్లబడ్డాయి. పాత పెద్దింటిని అలాగే నిలబెట్టారు. టేకు స్తంభాలకు నూనె రాసి ఉంది, గోడలకు సున్నం, కాళ్ళకింద నున్నటి ఎర్ర గచ్చు. నడుమ వానా ఎండా పడే ముట్రం. ఆంధ్రలో దీన్ని మండువా అంటారు, మన ఇళ్ళల్లో ముట్రం అనే అంటాం. దాంట్లో ఇత్తడి ఉరుళిలో తామరపూలు. ఒక మూల తలాడించే బొమ్మ, గోడకి బంగారు రేకు అద్దిన కృష్ణుడి పటం. పొద్దున డబరాలో ఫిల్టర్ కాఫీ నురగతో తెచ్చిచ్చారు. మా ఇంటామె ఊయల దిగలేదు. ఆ హోటలువాళ్ళు రాకపోయుంటే ఆ చోట నాలుగంతస్తుల కాంప్లెక్స్ లేచుండేది, కింద సెల్‌ఫోన్ కొట్టు, పైన ట్యూషన్ సెంటర్. కాబట్టి బుటీక్ హోటల్ అనగానే ముక్కు చిట్లించేవాళ్ళతో నేను చేరను.

అయితే గదిలో ఒక చిన్న పుస్తకం పెట్టారు, ఊరి చరిత్ర అని. రాజరాజ చోళుడికి మూడు పేజీలు. 1010లో పూర్తయిన పెద్దకోవెలకి అది న్యాయమే. మరాఠా రాజులకి రెండు పేజీలు. నడుమ నాయక రాజులకి ఒక్క వాక్యం. 1532 ప్రాంతం నుంచి 1673 దాకా ఏలినవాళ్ళు! పెద్దకోవెలలో అందరూ ఫోటో తీసుకునే నంది మండపం వాళ్ళ కాలంలోదే. రాజమహలు కట్టడం మొదలుపెట్టింది వాళ్ళే. సరస్వతీ మహల్ గ్రంథాలయం వాళ్ళ కొలువు పుస్తకాలతోనే మొదలైంది, శరభోజి దాన్ని పెంచాడు. రఘునాథ నాయకుడు తానే తెలుగు కవి, చేమకూర వెంకటకవి విజయవిలాసం రాసింది ఆయన కొలువులోనే. 1620లో డేన్ దేశస్తులకు తరంగంబాడిలో కోట కట్టుకోవడానికి చోటిచ్చిందీ ఆయనే. తర్వాత వచ్చిన మరాఠాలు కూడా తెలుగును వదల్లేదు. షాహాజీ మహారాజు పల్లకి సేవా ప్రబంధం తెలుగులో రాశాడు. మరాఠీ ఇంట పుట్టి, తమిళ సీమను ఏలుతూ, తెలుగులో రాసిన రాజు! ఇంతకంటే తంజావూరు సంగతి ఏం చెప్పాలి? ఆ పుస్తకంలో ఇదేదీ లేదు.

భోజనాల హాల్లో ఇంకొకటి చూశాను. తాళపత్రం ఫోటోని పెద్దదిగా అచ్చువేసి, అద్దం బిగించి గోడకి తగిలించారు. అందంగానే ఉంది. దగ్గరికి పోయి చూస్తే తెలుగు, కానీ తలకట్లన్నీ కింద వేలాడుతున్నాయి. తలకిందులుగా తగిలించారు. మేనేజర్ తంబిని పిలిచి తమిళంలో చెప్పాను. పాపం, మంచి పిల్లవాడు. "నాలుగేళ్ళుగా ఉంది సార్, ఎవరూ చెప్పలేదు" అన్నాడు. మర్నాడు టిఫినుకి పోయేసరికి సరిగ్గా తిప్పి పెట్టారు.

నాలుగేళ్ళు. తెల్లవాళ్ళ సంగతి వదలండి. చెన్నై, కోయంబత్తూరు, మదురై నుంచి మనవాళ్ళు ఎంతమంది ఆ గోడకింద కూర్చుని ఇడ్లీ తిని పోయుంటారు! హోటలువాడిని ఏమని తిట్టేది? వాడు ఇల్లు కొన్నాడు, అక్షరాలు కాపాడతానని ఎవరికీ మాటివ్వలేదు.

నన్ను ఇంకా ఆలోచింపజేసింది వాకిలి తిన్నె. దారిన పోయే ఎవరైనా కూర్చోవడానికని ఆ ఇంటి పెద్దలు కట్టిన తిన్నె అది. ఇప్పుడు దాని ముందు గొలుసు కట్టారు, యూనిఫాం వాచ్‌మన్ ఉన్నాడు. పూలమ్మే ముసలామె ఎండకి ఎదురింటి నీడలో నిలబడి ఉంది. వ్యాపారం అంటే అంతే, తప్పనను. కానీ సత్రం వేరు. అదే తంజావూరు సీమలో ఒరత్తనాడు దగ్గర ముక్తాంబాళ్ చత్రం ఉంది, శరభోజి కట్టించినది. రామేశ్వరం దారిన పోయేవాళ్ళకి అన్నం, పడక, పిల్లలకి బడి కూడా. మన తాతలు చూసి నేర్చుకున్నది అలాంటివాటినే. మన దస్తావేజులో కూడా 'బాటసారుల కొరకు' అనే ఉంది. ఈ మాట ఉండగా మొత్తం కట్టడాన్ని వ్యాపారానికి ఇవ్వడం చెల్లుతుందా అని వకీలుని అడగకుండా సంతకం పెట్టకూడదు.

నా అభిప్రాయం ఇది. వెనుక కట్టు, మేడ ఇవ్వండి. ఇవ్వకపోతే రెండు మూడు వానాకాలాల్లో కూలేది ఖాయం, మన ఫండులో ఓడు మార్చడానికి కూడా డబ్బు లేదు. ముందు తిన్నె, దాని వెనుక హాలు మాత్రం సంఘం చేతిలోనే ఉండాలి, వాకిలికి గొలుసు పడకూడదు. 29 ఏళ్ళు వద్దు. తొమ్మిదేళ్ళు చాలు, తర్వాత చూసుకుని పొడిగిద్దాం. ఇప్పుడు కమిటీలో ఉన్న మనలో 29 ఏళ్ళ తర్వాత లెక్క అడగడానికి ఎవరుంటారు? ద్వారబంధం మీది తెలుగు శాసనానికి రంగు పూయకూడదని, పలక అడ్డం పెట్టకూడదని లీజులోనే రాయాలి, నోటిమాట చాలదు. లీజుని రిజిస్టర్ చేయాలి. గదుల్లో పెట్టే చరిత్ర పుస్తకం మనం రాసి ఇవ్వాలి.

ఆ తిన్నె మీద నాకు అంత పట్టు ఎందుకని సెక్రెటరీ గారు అడిగారు. నేను చదివింది పూర్తిగా తమిళ మీడియం. ఇంట్లో తెలుగు మాట్లాడతాం గానీ ఒక్క అక్షరం రాదు. 52 ఏళ్ళ వయసులో, ఆ తిన్నె మీద జరిగే ఆదివారం తరగతిలో, నా పక్కన ఎనిమిదేళ్ళ పిల్ల కూర్చుని ఉండగా నేను అ ఆలు దిద్దాను. ఇప్పుడు ఆ తరగతికి ఆరుగురే వస్తున్నారు. హాలు కూడా పోతే ఆ ఆరుగురూ రారు.

వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశం పది గంటలకి. దస్తావేజు తెలుగులో ఉంది, మన వకీలుకి తెలుగు రాదు. అందుకని మొత్తం తమిళంలోకి రాసి పెట్టాను, ఐదు పేజీలు వచ్చింది. ఇరవై నకళ్ళు తెస్తాను. చదివి, తర్వాత చేయి ఎత్తండి.