కలానికీ అనుమతి పత్రమేనా?

దక్షిణ ముంబయిలో పాత టౌన్‌హాలుకు ఎదురుగా, రిజర్వు బ్యాంకుకూ స్టాక్ ఎక్స్ఛేంజికీ కూతవేటు దూరంలో, హార్నిమన్ సర్కిల్ అనే వలయాకారపు తోట ఉంది. బ్రిటిష్ గవర్నరు ఎల్ఫిన్‌స్టన్ పేరును చెరిపివేసి, స్వతంత్ర భారతం ఆ స్థలానికి పెట్టుకున్న కొత్త పేరు కూడా ఒక ఆంగ్లేయునిదే కావడం విశేషం. వాటాల ధరల ధ్యాసలో నిత్యం ఆ దారిన పరుగులు తీసే వేలాదిమందిలో ఆ పేరు ఎవరిదో ఎరిగినవారు బహుశా తక్కువ. బెంజమిన్ గై హార్నిమన్ పాలకుడు కాదు, సేనాని కాదు. పొట్ట చేతపట్టుకుని మన దేశానికి వచ్చి, ఇక్కడి వార్తలు రాసి, ఇక్కడే కన్నుమూసిన పాత్రికేయుడు. విదేశీ పాత్రికేయుల అనుమతుల విషయమై ఇటీవలి సంవత్సరాలలో చెలరేగిన వివాదాల దృష్ట్యా ఆయన వృత్తి జీవితాన్ని ఒకసారి తిరగవేయడం అప్రస్తుతం కాబోదు.

1873లో ఇంగ్లండులోని ససెక్స్‌లో జన్మించిన హార్నిమన్ 1894లో పోర్ట్స్‌మత్‌లోని ఒక సాయంకాల పత్రికలో వృత్తి ఆరంభించారు. తర్వాత కొన్ని పెద్ద పత్రికలలో పనిచేసి, 1906లో కలకత్తా స్టేట్స్‌మన్ పత్రికలో వార్తా సంపాదకునిగా చేరారు. అప్పటికి బెంగాల్ విభజన జరిగి ఎంతో కాలం కాలేదు. ఆంగ్లేయుల యాజమాన్యంలోని పత్రికలో ఉద్యోగం, ఆంగ్లేయుల క్లబ్బులో సాయంకాలాలు, పదవీ విరమణ కాగానే స్వదేశానికి ఓడ: నాటి తెల్ల పాత్రికేయులకు పరచి ఉంచిన బాట అది. ఆయన ఆ బాట పట్టలేదు. ఫిరోజ్‌షా మెహతా స్థాపించిన బొంబాయి క్రానికల్‌కు 1913లో సంపాదకులయ్యారు. ఆ నగరంలో టైమ్స్ ఆఫ్ ఇండియా తెల్లదొరల వాణి అయితే, దానికి బదులు చెప్పే భారతీయుల వాణిగా పుట్టినది క్రానికల్.

క్రానికల్ సంపాదకునిగా హార్నిమన్ బల్లకు అతుక్కుని కూర్చోలేదు. 1915లో భారత పత్రికా సంఘాన్ని నెలకొల్పి, పత్రికల చట్టం పేరిట జామీను సొమ్ము గుంజుకునే సర్కారు పద్ధతిని ఎదిరించారు. 1918 డిసెంబరులో పదవీ విరమణ చేయనున్న గవర్నరు విల్లింగ్డన్‌కు నగర ప్రజల పేరిట స్మారకం నిర్మించాలని కొందరు ప్రముఖులు టౌన్‌హాలులో సభ జరిపినపుడు, జిన్నా నాయకత్వాన దానిని అడ్డుకున్న బృందంలో ఆయన కూడా ఉన్నారు. జిన్నా అప్పుడు క్రానికల్ డైరెక్టర్ల బోర్డుకు అధ్యక్షులు. పాత్రికేయుడు సభను రిపోర్టు చేయాలా, సభలో దిగి నినాదాలు చేయాలా అన్న ప్రశ్న అప్పుడూ తలెత్తింది, ఇప్పుడూ తలెత్తుతోంది. హార్నిమన్ ఆ గీతను ఏనాడూ పెద్దగా లెక్కచేసినవారు కాదు. ఆయన విమర్శకుల వాదనలో ఈ మేరకు న్యాయం లేకపోలేదు.

అయితే 1919 వసంతంలో ప్రభుత్వానికి కంటగింపు అయినవి నినాదాలు కావు, వార్తలు. రౌలట్ చట్టానికి వ్యతిరేకంగా గాంధీజీ తలపెట్టిన సత్యాగ్రహ సభకు హార్నిమన్ ఉపాధ్యక్షులు. ఏప్రిల్ 13న అమృత్‌సర్‌లోని జలియన్‌వాలాబాగ్‌లో డయ్యర్ సేన 1,650 తూటాలు పేల్చింది. సర్కారు లెక్క ప్రకారమే 379 మంది మరణించారు. పంజాబులో సైనిక శాసనం అమలుకు వచ్చింది, వార్తలకు సంకెళ్లు పడ్డాయి. లాహోరు ట్రిబ్యూన్ సంపాదకులు, బెంగాలీ అయిన కాళీనాథ్ రాయ్‌కి సైనిక న్యాయస్థానం రెండేళ్ల కఠిన శిక్ష విధించింది. అది తర్వాత మూడు నెలలకు తగ్గింది. క్రానికల్‌కు పంజాబు సమాచారం అందించిన గోవర్ధన్ దాస్ మూడేళ్ల జైలుశిక్షకు గురయ్యారు. సంపాదకుని విషయంలో మాత్రం విచారణ అవసరమనే సర్కారు భావించలేదు. యుద్ధకాలపు భారత రక్షణ నిబంధనల కింద ఏప్రిల్ 26న హార్నిమన్‌ను ఓడ ఎక్కించి దేశం దాటించారు. క్రానికల్ కొంతకాలం మూతపడింది.

ఈ చర్యకు లండన్‌లో చెప్పిన సంజాయిషీ గమనార్హం. ఢిల్లీ వీధులలో బ్రిటిష్ సైనికులు నిషిద్ధమైన మెత్తటి మొన గల తూటాలు వాడారన్న ఆరోపణను క్రానికల్ ప్రచురించిందనీ, ఆ పత్రికను సైనికులకు ఉచితంగా పంచుతున్నారనీ భారత వ్యవహారాల మంత్రి మాంటేగు మే నెలలో పార్లమెంటులో చెప్పారు. ఆరోపణ అబద్ధమని సర్కారు నమ్మితే దానిని న్యాయస్థానంలో రుజువు చేసే అవకాశం ఉంది. చట్టాలన్నీ సర్కారు చేతిలోనే ఉన్నాయి. ఆ శ్రమ పడకుండా మనిషినే మాయం చేయడం సులభమని తోచింది.

ఆ సులభోపాయం ఫలించిందా అంటే, చరిత్ర చెప్పే జవాబు వేరు. క్రానికల్ నోరు నొక్కగానే, దానితో సంబంధం గలవారు తమ యాజమాన్యంలోని యంగ్ ఇండియా వారపత్రికను వారానికి రెండు సంచికలు చేసి గాంధీజీ చేతికి అప్పగించారు. ఒక సంపాదకుణ్ణి వెళ్లగొట్టిన సర్కారు, అంతకు వందరెట్లు ప్రమాదకరమైన మరొక సంపాదకుణ్ణి కొనితెచ్చుకుంది. బహిష్కృతుడైన హార్నిమన్ కూడా లండన్‌లో ఊరుకోలేదు. పంజాబు దురంతాల ఛాయాచిత్రాలను అక్కడి డెయిలీ హెరాల్డ్‌లో వెలుగు చూపించారు; 1920లో అమృత్‌సర్ మారణకాండపై పుస్తకం ప్రచురించారు. తిరిగి భారతదేశం రావడానికి పాస్‌పోర్టు అడిగితే ఏళ్ల తరబడి నిరాకరించారు. స్వజాతీయుల ప్రభుత్వం తమ పౌరుణ్ణి తమ సామ్రాజ్యంలోనే అడుగు పెట్టనీయని విడ్డూరంపై పార్లమెంటులో పలుమార్లు ప్రశ్నలు వచ్చాయి. ఎట్టకేలకు 1926 జనవరిలో ఆయన తిరిగివచ్చి, మళ్లీ క్రానికల్ కుర్చీలో కూర్చున్నారు.

తర్వాతి ఘట్టం గురించి చెప్పుకునేవారు తక్కువ. జాతీయోద్యమ వీరునిగా పేరు పొందిన మనిషి అరవయ్యో ఏట, 1933లో, బొంబాయి సెంటినల్ అనే సాయంకాల పత్రిక పట్టారు. సాయంకాల పత్రిక బతుకు ఊరి మీదనే. మిల్లు గేటు దగ్గర గొడవ, కోర్టులో పొద్దున నడిచిన కేసు, మునిసిపాలిటీ నిర్లక్ష్యం, పోలీసు ఠాణా సంగతులు దాని సరుకు. ఇంటికి పోయే రైలులో గుమాస్తా, కూలీ చదివి పక్కన పడేసే కాగితం అది. మొదటి పేజీలో వైస్రాయిలను నిలదీసిన సంపాదకుడు అటువంటి కాగితానికి పన్నెండేళ్లు అంకితం కావడాన్ని కొందరు దిగజారుడుగా భావించి ఉండవచ్చు. నిజానికి పోర్ట్స్‌మత్‌లో నేర్చుకున్న విద్యనే ఆయన బొంబాయిలో వినియోగించారు. 1941లో రూసీ కరంజియా, దినకర్ నాడకర్ణిలతో కలిసి బ్లిట్జ్ వారపత్రిక స్థాపనలో పాలుపంచుకున్నారు. 1948లో మరణించారు.

ఆ బ్లిట్జ్‌లోనే 1980లలో డిప్యూటీ ఎడిటరుగా పనిచేసిన పాలగుమ్మి సాయినాథ్, మద్రాసులో పుట్టిన తెలుగువారు. కరవు జిల్లాల బడుగు జీవితాలను, ఆంధ్రప్రదేశ్ రైతుల ఆత్మహత్యలను దేశం ముందుంచిన పాత్రికేయునిగా ఆయన పాఠకులకు సుపరిచితులు. హార్నిమన్ నాటిన మొక్క నీడ అనంతపురం చేల వరకూ పాకిందని చెప్పుకోవడం అతిశయోక్తి కాదు.

పరాయి ఊరి కలానికి చోటివ్వడం ఆనాటి నగరాలకు కొత్త కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1908లో ఆంధ్రపత్రికను ప్రారంభించినది బొంబాయిలోనే. మద్రాసుకు చేరి దినపత్రిక అయినది 1914లో. విజయనగరంలో పుట్టిన చిర్రావూరి యజ్ఞేశ్వర చింతామణి అలహాబాదులో లీడర్ పత్రికకు దశాబ్దాలపాటు సారథ్యం వహించారు. ఊరి భాష పుట్టుకతో రాకపోయినా, ఊరి బాధ పట్టించుకున్నవారిని ఆ ఊళ్లు తమవారుగానే ఎంచుకున్నాయి.

ఈ నేపథ్యంలో వర్తమానం కొంత చిన్నబుచ్చుతోంది. భారత సంతతివారికి, భారతీయుల జీవిత భాగస్వాములకు ఇచ్చే ఓసీఐ కార్డు గలవారు పాత్రికేయ వృత్తి చేయాలంటే ప్రత్యేక అనుమతి తప్పనిసరి అని కేంద్ర హోం శాఖ 2021 మార్చిలో జారీ చేసిన ప్రకటన నిర్దేశించింది. భారతదేశంలో రెండు దశాబ్దాలకు పైగా పనిచేసిన ఫ్రెంచి పాత్రికేయురాలు వనెస్సా దునియాక్ అనుమతి లేకుండా వార్తలు రాశారన్న ఆరోపణపై నోటీసు అందుకుని 2024 ఫిబ్రవరిలో దేశం విడిచారు. పదమూడేళ్లు ఇక్కడ పనిచేసిన మరో ఫ్రెంచి విలేకరి సెబాస్టియన్ ఫార్సిస్ తన అనుమతి పొడిగింపునకు నోచుకోక అదే ఏడాది జూన్‌లో వెళ్లిపోయారు. నిరాకరణకు కారణమేమిటో తనకు తెలుపలేదని ఆయన ప్రకటించారు.

విదేశీయులు ఏ దేశంలోనైనా ఆ దేశ నియమాలకు లోబడవలసిందేనని ప్రభుత్వం వాదించవచ్చు. ఆ వాదన తోసిపుచ్చదగినది కాదు. వీసా నియమాలు లేని ప్రజాస్వామ్యం లేదు. పరాయి ప్రభుత్వం 1919లో చేసిన పనినీ, ఎన్నికైన ప్రభుత్వం నేడు చేసిన పనినీ ఒకే గాటన కట్టడం కూడా సబబు కాదు. నేడు న్యాయస్థానాల తలుపులు తెరిచే ఉన్నాయి, ఎవరినీ రాత్రికి రాత్రి ఓడ ఎక్కించడం లేదు. కానీ పోలిక పూర్తిగా లేదనలేము. రాతలో తప్పుంటే ఖండించాలి, పరువు నష్టం జరిగితే దావా వేయాలి. రాత జోలికి పోకుండా, రాసిన మనిషి నివాసపు కాగితం మీద చేయి వేసే పద్ధతి ఒక్కటే మాంటేగు కాలం నుంచీ మారలేదు. ఈ దేశంలో ఇల్లు, సంసారం ఏర్పరచుకున్న విలేకరికి ఆ కాగితం పోతే పోయేది ఉద్యోగం మాత్రమే కాదు. అది తెలిసినవారు మరుసటి వార్త రాసేముందు రెండుసార్లు ఆలోచిస్తారు. ఆ ఆలోచన మొదలయ్యాక ఏ సెన్సారు అధికారి అవసరమూ ఉండదు.

హోం శాఖ చేయగలిగిన పనులు కష్టసాధ్యమైనవేమీ కావు. దరఖాస్తుపై నిర్ణయానికి గడువు పెట్టడం, నిరాకరిస్తే కారణాన్ని లిఖితపూర్వకంగా తెలపడం, దానిపై స్వతంత్ర అధికారి ఎదుట అప్పీలుకు వీలు కల్పించడం, అప్పీలు తేలేవరకు పాత అనుమతిని కొనసాగించడం ఇందుకు సరిపోతాయి. వీటిలో ఏ ఒక్కటీ దేశభద్రతకు భంగం కలిగించేది కాదు. పార్లమెంటు సభ్యులు కూడా ఈ అనుమతుల సంగతి సభలో అడగాలి: 2021 నుంచి ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్నింటిని తోసిపుచ్చారు, ఏ కారణంపై? హార్నిమన్ పాస్‌పోర్టు గురించి లండన్ పార్లమెంటు సభ్యులు తమ ప్రభుత్వాన్ని ఏళ్ల తరబడి అడిగిన ప్రశ్నలు ఇంచుమించు ఇటువంటివే.