ముందు పందెం, తర్వాతే ఉపన్యాసం

మా మల్యాల దిక్కు పుష్యమాసం పొద్దున మంట కాగనిదే చేతులు పనిచేయవు. మరి పందెగాని కాళ్లకు ఆ న్యాయం వద్దా? మన క్రీడోత్సవాలలో సైకిల్ పందెగాళ్లు ఒళ్లు వేడెక్కేదాకా తొక్కుతారు. ఆపైన నిక్కర్లతో నిలబడి అరగంట ఉపన్యాసాలు వింటారు. చేసిన కష్టమంతా చలిపాలు!

వెచ్చని కండరం త్వరగా ముడుచుకుంటుంది, ఎక్కువ శక్తినిస్తుంది. ఇంగ్లండులోని లఫ్‌బరో శాస్త్రజ్ఞులు 2013లో ప్రకటించిన పరీక్షలో, వార్మప్ తర్వాత 30 నిమిషాలు కరెంటుతో వేడెక్కే ప్యాంట్లు తొడుక్కుంటే, మామూలు ట్రాక్‌ప్యాంట్లకంటే గరిష్ఠ శక్తి సుమారు 9 శాతం పెరిగింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో బ్రిటిష్ సైక్లిస్టులు అటువంటివే వాడారు.

మనకు అంత ఖరీదు ప్యాంట్లెక్కడివి? అయితే ఆ అరగంటను తీసేయడానికి పైసా ఖర్చు లేదు. యూనియన్ మిత్రులారా, ముందు విజిల్ వేయించండి. అతిథుల మాటలు చల్లగా తర్వాత విందాం.