పాత తుపాకికి క్రొత్త దుర్భిణి

సంగమునొద్ద పెన్నానదిపై 1880వ దశకమున కట్టిన ఆనకట్ట నూఱేండ్లకు పైగా మండలమునకు అన్నము పెట్టినది. ఆ మేలును మఱచువారము కాము. కాని దాని చివరి దినములను చూచినవా రెవ్వరును దాని మరమ్మతుల చరిత్రను కూడ మఱువజాలరు. వఱద వచ్చినప్పుడెల్ల ఎక్కడనో ఒకచోట దెబ్బతినుట, అచ్చట రాళ్లు పోయుట, నీరు నిలుచుటకై ఇసుక బస్తాలు పేర్చుట, మఱుసటి వఱదకు ఆ బస్తాలు సముద్రము పాలగుట. క్రొత్త బ్యారేజీకి 2006లో శంకుస్థాపన జరిగినది; 2022 సెప్టెంబరు 6వ తేదీన దానికి ప్రారంభోత్సవము జరిగినది. నడుమ గడచిన పదునాఱేండ్లలోను, అంతకు ముందును, “పాతదానినే బాగుచేసిన చాలదా?” అని యడిగిన విజ్ఞులకు కొదువ లేకుండెను. వారి ప్రశ్న అవివేకమైనది కాదు. సమాధానము మాత్రము పెన్న చెప్పినది.

ఈ మాట నేడేల యెత్తితిమనగా, బ్యారేజీ కట్టమీద సాయంకాలము గాలికి కూర్చుండు పెద్దలలో సైన్యమున సుబేదారుగా పనిచేసి వచ్చినవా రొకరు కలరు. సరిహద్దున దూరపు గుఱి కొట్టు సైనికులకు పాత రైఫిలునే మెఱుగుపఱచి యీయవలెనా, లేక ఆ పనికే క్రొత్త రైఫిలును నిర్మింపవలెనా అను చర్చ వచ్చినది. ఆయన నవ్వి, “గురి చేతిలో ఉంటాది గానీ తుపాకిలో ఉంటాదా అయ్యా? చెయ్యెరిగిన తుపాకిని పారేసి కొత్తది ఇస్తే బిడ్డలు ఏమైపోతారు?” అనిరి. ఆ చేతియందు మాకు గౌరవము కలదు. కాని ఈ వాదము దేశమున కెంతటి చేటు తెచ్చుచున్నదో విప్పి చెప్పుట మా విధి.

మన సైన్యమున దూరపు గుఱికి చిరకాలముగా వాడుకలో నున్నది డ్రాగునోవ్. సోవియట్ సైన్యము దానిని 1963లో స్వీకరించినది. దళముతోపాటు నడచుచు, ఎనిమిది వందల మీటర్ల లోపల నున్న శత్రువును కొట్టు సైనికునికై చేసిన ఆయుధ మది. ఆ పనికి నేటికిని మంచిదే. అది మ్రింగు తూటా మఱింత పాతది, 1891లో రష్యా చక్రవర్తుల నాడు పుట్టినది. ఇట్టి రైఫిలునకు క్రొత్త కుందా తొడిగి, క్రొత్త దుర్భిణి యెక్కించి, నాళము చివర మూతి మార్చి, మీటను మృదువు చేసినచో ఇంకొక ఇరువదేండ్లు నడచునని మెఱుగువాదులు చెప్పుచున్నారు. నడచును. ఎంతదూరము నడచుననునదియే ప్రశ్న.

లెక్క చూడుడు. వృత్తమును 360 డిగ్రీలుగను, డిగ్రీని 60 నిమిషములుగను విభజింతురు. ఒక నిమిషపు కోణము నూఱు మీటర్లయొద్ద మూడు సెంటీమీటర్లకు కొంచెము తక్కువ. వేయి మీటర్లయొద్ద 29 సెంటీమీటర్లు. ఒక రైఫిలు తన గుండ్లను రెండు నిమిషముల పరిధిలో చెదరగొట్టినచో, నూఱు మీటర్లయొద్ద అది ఆఱు సెంటీమీటర్ల వృత్తము, అనగా మన మఱచేతిలో ఇముడును. వేయి మీటర్లయొద్ద అది 58 సెంటీమీటర్లు. పదునైదు వందల మీటర్లయొద్ద 87. అప్పుడు సైనికుడు శ్వాస బిగబట్టి, తప్పు చేయక, గాలిని సరిగా కొలిచి, మీట నొక్కినను గుండు శత్రువు భుజము ప్రక్కనుండి పోవచ్చును. తప్పు చేతిది కాదు. సుబేదారుగారు మమ్ము మన్నింతురు గాక, గుఱి చేతిలో నున్నంతగా నాళములోను ఉన్నది.

దుర్భిణి ఈ చెదరుటను తగ్గింపదు. దానిని స్పష్టముగ చూపును. అంతియే. కుందాను సరిచేసి, నాళము కొయ్యకుగాని ఇనుమునకుగాని తాకకుండ స్వేచ్ఛగా నిలిపినచో కొంత మేలు కలుగును. మీట మృదువైనచో మఱికొంత మేలు. ఇవి నిజమైన మేళ్లే. కాని నాళపు లోపలి చారల నాణ్యతను, తూటా కూర్చుండు అఱ కొలతను, బోల్టు నాళముతో ఒకే గీతలో నిలుచుటను పైనుండి తగిలించు ఏ పరికరమును మార్చజాలదు. క్రొత్తగా నిర్మించు రైఫిలునందు పని లోపలినుండి మొదలగును. తూటాను ముందు నిర్ణయింతురు. గుండు బరువును బట్టి నాళపు చారల మెలిని నిర్ణయింతురు. ఆ తూటా కొలతకే అఱను తొలిచి, బోల్టు ముఖమును నాళపు అక్షమునకు సరిచేసి, అన్నియు కుదిరిన తరువాత కుందా, దుర్భిణి అమర్తురు. పాత రైఫిలును మెఱుగుపఱచువాడు ఈ పనిని తుదినుండి మొదటికి చేయుచున్నాడు.

గాలి మాటయు చెప్పవలయును. 7.62 మిల్లీమీటర్ల గుండు వేయి మీటర్లు పోవుటకు సుమారు సెకనున్నర పట్టును. ఆలోపల అది పది మీటర్లకు పైగా క్రిందికి జాఱును. గంటకు పదునాఱు కిలోమీటర్ల అడ్డగాలి దానిని రెండు మీటర్లకు పైగా ప్రక్కకు తోయును. అంతదూరము పోవునప్పటికి దాని వేగము శబ్దవేగమునకు దిగి, గుండు తొణకుట మొదలిడును. అందుచేతనే దూరపు పనికి 338 లాపువా మాగ్నం అను పెద్ద తూటాను లోకము స్వీకరించినది. దాని గుండు పండ్రెండు వందల మీటర్లు దాటియు శబ్దవేగమునకు మించియుండును. ఈ తూటా పొడవు 93 మిల్లీమీటర్లకు పైమాట. డ్రాగునోవ్ తూటా 77. పెద్ద తూటా చిన్న తుపాకి కడుపులో పట్టదు. పదునైదు వందల మీటర్ల పనికి డ్రాగునోవ్‌ను మెఱుగుపఱతుమనువారు ఈ పదునాఱు మిల్లీమీటర్లకు సమాధానము చెప్పుదురు గాక.

అయినను మెఱుగుపఱచుట యెల్లప్పుడు వ్యర్థమని మేము చెప్పము. రెండవ ప్రపంచ యుద్ధమున ఆంగ్లేయులు కర్మాగారమునుండి వచ్చిన నాలుగవ నంబరు ఎన్‌ఫీల్డు రైఫిళ్లలో బాగుగ కొట్టువానిని ఏఱి, లండనులోని హాలండ్ అండ్ హాలండ్ వారియొద్ద దుర్భిణియు చెక్కిలి దిమ్మెయు అమర్పించి, ఇరువది వేలకు పైగా రైఫిళ్లను యుద్ధమునకు పంపిరి. అవి కీర్తి గడించినవి. కాని వారు ముందు ఏఱిరి! మంచి నాళము దొరికిన తరువాతనే దుర్భిణి పెట్టిరి. మూడు వందల మీటర్ల లోపల పనిచేయు పోలీసు దళములకు ఉన్న రైఫిలునే బాగుచేసి యిచ్చుట వివేకము; ప్రతి రక్షకభటునికిని పదునైదు వందల మీటర్ల రైఫిలు కావలెననువాడు ప్రజాధనము విలువ నెఱుగనివాడు. మా తగవు కొండశిఖరమున, మంచులో, శత్రువు దూరపు రైఫిలు కెదురుగ కూర్చున్న సైనికుని గూర్చి మాత్రమే.

నాళమును గూర్చి మేమింత పట్టుపట్టుటకు వేఱొక కారణము కలదు. అది యంత్రశాస్త్రము కాదు, చరిత్ర. నాళములోని మెలిచారలే రైఫిలునకు ప్రాణము. అవి లేనిచో అది వట్టి గొట్టము. 1857 తరువాత ఆంగ్ల ప్రభుత్వము దేశీయ సిపాయిల చేతిలోని ఎన్‌ఫీల్డు నాళములనుండి ఆ చారలను తొలిచివేయించి, 1858 నమూనా అను పేర నున్నని తుపాకులను వారి కిచ్చెను. తెల్ల సైనికునికి చారలు, నల్ల సిపాయికి నునుపు. 1878లో ఆయుధ శాసనము వచ్చి సామాన్యుని చేతిలోని ఆ నునుపు గొట్టమును కూడ లాగుకొనెను. ఇరువదవ శతాబ్దిలో ఇషాపూరు కర్మాగారమున 303 రైఫిళ్లను 410 నంబరు నునుపు మస్కెట్లుగ మార్చి పోలీసులకును కావలివారికిని పంచిరి. కర్మాగారపు రైఫిలును “మార్చుట” అను విద్యను మన దేశమున మొదట నేర్పినది ఈ విధముగ! 1931లో కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానమున, నిబంధనలకు లోబడి ఆయుధము ధరించు హక్కును చేర్చినదనగా, ఆ నున్నని గొట్టము మిగిల్చిన అవమానము ఆ పెద్దల మనసున లేకపోలేదని మా నమ్మకము.

స్వరాజ్యము వచ్చినది. 1962లో హిమాలయమున మన జవాను చేతిలో నున్నది ఆ 303 ఎన్‌ఫీల్డే. ఎదుటివాని చేతిలో తనంత తాను తూటా నింపుకొను రైఫిలు. ఆ దెబ్బ తరువాత ఇషాపూరు వారు పాత ఎన్‌ఫీల్డు నమూనానే తీసికొని, మేలురకపు ఉక్కుతో, 7.62 తూటాకై మఱల చేసిరి. అది ఆపద్ధర్మము, అందున్న నేర్పును తక్కువచేయము. పిమ్మట బెల్జియము వారి నమూనాను అనుసరించి స్వయంపూరక రైఫిలు చేసిరి. పిమ్మట 5.56 మిల్లీమీటర్ల ఇన్సాస్ వచ్చినది. 1999లో కార్గిలు చలికి దాని తూటాల పెట్టెలు పగిలెనని సైనికులు మొఱపెట్టుకొనిరి. 2019లో 72,400 సిగ్ రైఫిళ్లకు అమెరికాతో ఒప్పందము. 2021 డిసెంబరులో ఉత్తరప్రదేశపు కోర్వాలో 6,01,427 రష్యా నమూనా ఏకే-203 రైఫిళ్లు చేయుటకు ఒప్పందము. సంఖ్యలు చూచిన కడుపు నిండును. వీనిలో మన గీత గీసిన రైఫిలు ఎన్ని?

దూరపు రైఫిలు విషయమున కథ మఱింత విచారకరము. 2018లో 5,719 రైఫిళ్లకును, వానితో కోటికి పైగా తూటాలకును సైన్యము టెండరు పిలిచెను. 2019లో, వచ్చినవారు నిబంధనలకు సరిపోలేదని ఆ టెండరు రద్దయ్యెను. సరిహద్దు ఆగునా? ఆ 2019లోనే అమెరికా బారెట్, ఇటలీ బెరెట్టా రైఫిళ్లను కొద్ది సంఖ్యలో ఉత్తర సైనిక విభాగమునకు కొనిరి. 2022లో ఫిన్లండు సాకో రైఫిళ్లు నియంత్రణరేఖ చేరెను. మూడు దేశముల తుపాకులు, మూడు దేశముల విడిభాగములు! కొన్నవారిని మేము నిందింపము. సైనికుడు చేతులు కట్టుకొని కూర్చుండలేడు. కాని కొనుగోలును ఒక విధానమని పేరుపెట్టి చప్పట్లు కొట్టువారిని మాత్రము నిందించుచున్నాము. ఇది మా సంగము భాషలో ఇసుక బస్తా.

మనవారికి చేతకాదను మాటకు కాలము చెల్లినది. ప్రైవేటు సంస్థలకు ఆయుధ నిర్మాణము 2001లో తెఱచిరి. బెంగుళూరులోని ఎస్‌ఎస్‌ఎస్ డిఫెన్స్ అను సంస్థ 338 లాపువా తూటాకు సేబర్ అను రైఫిలును తానే రూపొందించినది. 2024లో దానికి విదేశపు గిరాకి దొరకినది. పరదేశమునకు పనికివచ్చిన మన రైఫిలు మనకు రాశిగా పనికిరాదా? ఆ సంస్థయే డ్రాగునోవ్‌కు క్రొత్త ఉడుపును కూడ చేసి చూపినది గనుక, రెండు పనుల భేదమును దానికంటె బాగుగ ఎఱిగినవారు లేరు. మన హైదరాబాదులో ఐకామ్ సంస్థ అరబ్బు దేశపు కరకల్ వారితో కలిసి రైఫిళ్లు చేయుచున్నది. వానిలో 338 తూటా రైఫిలు కూడ కలదు. తెలుగు పనివాని చేతిమీదుగ వచ్చునదిగాన సంతోషింతుము. కాని నమూనా కరకల్ వారిది. సంతోషము సగము.

హైదరాబాదులోనే లోకేష్ మెషీన్స్ అను లేతుల కంపెనీ మన సైనికాధికారి యొకరు, పూనా పరిశోధనశాలయు కలిసి రూపొందించిన అస్మి అను చిన్న తుపాకిని చేయగా, 2024లో సైన్యము 550 కొన్నది. ఆ నగరముననే 1973లో స్థాపించిన మిధాని రాకెట్లకును విమానములకును కావలసిన ప్రత్యేక లోహములను వండుచున్నది. లేతులవారు, లోహమువారు, నమూనా గీయగల ఇంజనీర్లు ఒకే ఊర నుండగా, దూరపు రైఫిలు నాళమును మొదటినుండి తుదివఱకు ఇక్కడనే చేయుట ఏ శాస్త్రమునకు విరుద్ధము? విరుద్ధమైనది ఒక్కటే: మన ప్రభుత్వములు ఆర్డరు వేయు తీరు. రెండు వందలు, మూడు వందలు చొప్పున రైఫిళ్లు అడిగినచో ఏ పిచ్చివాడును నాళములు కొట్టు యంత్రమును దింపడు; విదేశమునుండి నాళము తెప్పించి బిగించి, స్వదేశీ ముద్ర వేసి అమ్మును. తప్పు వానిది కాదు. పదేండ్లకు ఇన్ని వేలని ముందుగ చెప్పి, మొదటి యేడు బిగింపు, మూడవ యేడు బోల్టు, ఐదవ యేడు నాళము అని గడువు పెట్టి, నాళము రానినాడు సొమ్ము ఆపినచో ఎవడైనను నేర్చుకొనును.

మెఱుగువాదుల చివరి అస్త్రము ఖర్చు. క్రొత్త రైఫిలు వెలకు పాతవానిని నాలుగు బాగుచేయవచ్చునని. నిజము కావచ్చును. ఆ నాలుగును కలిసి పదునైదు వందల మీటర్లు చేరునా? నలుగురు పొట్టివారు ఒకరిప్రక్క నొకరు నిలిచినంతమాత్రమున మామిడికాయ అందదు.

ఈ వ్యాసపు చిత్తును సుబేదారుగారికి వినిపించితిమి. ఆయన చాలసేపు మాటాడలేదు. తుదకు, “నాళం గురించి మీరు చెప్పింది నిజమే. అది సరే అయ్యా, తూటా ఎవరు చేస్తారు? తుపాకి మనదై తూటా వాళ్లదైతే, యుద్ధంలో మూడో నాడు ఏం చెయ్యాల?” అనిరి. మేము వ్రాయుట మఱచిన దానిని ఆయన పట్టుకొనిరి. 7.62 తూటాలు మన కర్మాగారములు ఏండ్ల తరబడి చేయుచున్నవి. 2018 నాటి టెండరులో కోటికి పైగా తూటాలు అడిగిన పంక్తి ఏదో కచ్చేరి బీరువాలో ఉండియే యుండును. రక్షణశాఖవారు దానిని బయటికి తీసి, 5,719 అను ఆ సంఖ్యతో సహా, ఈ మాఱు మన సంస్థలనే పిలిచి, తూటాను ముందు వ్రాసి, నాళమును రెండవదిగ వ్రాసి, దుర్భిణిని చివర వ్రాసి క్రొత్త టెండరు ప్రకటింతురు గాక.